హెచ్‌ఐవి దూరలేని కణాలు: జన్యు చికిత్స ఎంతవరకు వచ్చింది?

(ఎయిడ్స్ దినం సందర్భంగా సంఘం కార్యాలయంలో జరిగిన ఆదివారం తరగతిలో, రక్త పరీక్షల లాబ్‌లో పనిచేసి రిటైరైన ఒక మిల్లు కార్మికుని కుమారుడు చేసిన ప్రసంగ పాఠం. తర్వాత సభ్యులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని చివర ఇస్తున్నాం.)



వారంలో మనకు దొరికేది ఒక్క రోజు. ఆ రోజు కూడా ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడతాను. నేను డాక్టర్ని కాను. మా నాన్న ఈ షోలాపూర్‌లోనే మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక చద్దర్ల కార్ఖానాలో జకార్డ్ సాంచాల మీద చేశాడు. అమ్మ బీడీలు చుట్టింది. వాళ్ళ రెక్కల కష్టం మీద నేను చదువుకుని రక్త పరీక్షల లాబ్‌లో చేరాను. ముప్పై ఏళ్ళు అదే పని. హెచ్‌ఐవి పరీక్షలు ఎన్ని చేశానో లెక్క లేదు.

ఈ విషయం మీద మాట్లాడతానని సంఘాన్ని అడిగింది నేనే. ఎందుకడిగానో ముందు చెప్పాలి.

మనవాళ్ళలో ఒక తమ్ముడున్నాడు. పేరు చెప్పను. ఈ సంగతి చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాను. హెచ్‌ఐవి ఉందని తెలిసి చాలా ఏళ్ళయింది. గోళీలు వేసుకుంటూ, డ్యూటీ చేసుకుంటూ బాగానే ఉన్నాడు. ఒకరోజు చాయ్ హోటల్ దగ్గర కనబడి అడిగాడు. "అన్నా, జర్మనీల ఒకనికి హెచ్‌ఐవి మొత్తానికి పోయిందట గదా. జీన్లు మారుస్తరట. నిజమేనా?" నాకు బస్సు తొందర. "నిజమే తమ్మీ, పోయింది" అని చెప్పి బస్సెక్కాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగం మాటే చెప్పాను. మిగతా సగం అతను తనకు తోచినట్టు పూరించుకున్నాడు. మందు వచ్చేసింది, రేపోమాపో మన దాకా వస్తుంది, అంతవరకు ఈ గోళీలతో అవస్థ ఎందుకు అనుకున్నాడు. మానేశాడు. ఏడు నెలల తర్వాత దగ్గు, జ్వరం, మనిషి సగమయ్యాడు. పరీక్ష చేస్తే టీబీ. ఆ రిపోర్టు చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆరోజు బస్సు పోతే ఇంకో బస్సు వచ్చేది.

అప్పుడు చెప్పని మిగతా సగం ఇవాళ చెబుతాను.

జన్యువు అంటే ఏమిటో డాక్టర్లకంటే జకార్డ్ నడిపినవారికి చెప్పడం తేలిక. పువ్వు ఎక్కడ రావాలో, నెమలి ఎక్కడ రావాలో కార్డుల మీద తూట్లు చెబుతాయి. తూటు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మన ఒంట్లో కూడా దాదాపు ప్రతి కణం లోపల అలాంటి కార్డుల దండ ఒకటి ఉంది. డిఎన్ఎ అంటారు. దాని మీద నాలుగు రకాల గుర్తులే ఉంటాయి. అవి నాలుగూ మళ్ళీ మళ్ళీ వస్తూ సుమారు 300 కోట్లవుతాయి. అందులో ఒక్కో ముక్క ఒక్కో జన్యువు. ఏ సరుకు తయారు కావాలో అది చెబుతుంది.

హెచ్‌ఐవి దండ చాలా చిన్నది. పదివేలకు కొంచెం తక్కువ గుర్తులు, తొమ్మిది జన్యువులు, అంతే. దానికి సొంత కార్ఖానా లేదు. మన కార్ఖానాలో దూరి, మన సాంచాల మీద, మన నూలుతో తన గుడ్డ నేయించుకుంటుంది. అది దూరేది కూడా ఎక్కడ? రోగాల మీద పోరాడే తెల్ల రక్తకణాల్లో. ఆ కణాల పైన సిడి4 అనే పిడి ఒకటి ఉంటుంది. హెచ్‌ఐవి మొదట దాన్ని పట్టుకుంటుంది. అది ఒక్కటే చాలదు. పక్కనే సిసిఆర్5 అనే ఇంకో పిడి దొరకాలి. రెండూ దొరికితేనే తలుపు తెరుచుకుంటుంది. సిడి4 సంగతి 1984లో తెలిసింది. రెండో పిడి సంగతి తెలియడానికి 1996 దాకా పట్టింది.

లోపలికి వచ్చాక చేసే పని ఇంకా ఘోరం. తన కార్డులకు నకలు తీసి, మన దండ మధ్యలో పెట్టి కుట్టేస్తుంది. ఇక అది మన కార్డుల్లో భాగమైపోతుంది. ఆ కణం రెండైతే దొంగ కార్డు కూడా రెండవుతుంది. ఇలాంటి కొన్ని కణాలు ఏమీ నేయకుండా ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. మనం వేసుకునే గోళీలు వైరస్ పెరగకుండా ఆపుతాయి. అంత బాగా ఆపుతాయి కాబట్టే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందదు, అలాంటి మనిషి నుంచి భార్యకు గాని భర్తకు గాని అంటదు. కానీ కుట్టేసిన కార్డును గోళీ విప్పలేదు. మందు మానేస్తే నిద్రపోతున్న కణం ఒకటి లేస్తుంది. ఎక్కువమందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ మళ్ళీ రక్తంలో కనబడుతుంది. మా తమ్ముడికి జరిగింది అదే.

ఇప్పుడు జర్మనీ సంగతికి వద్దాం. దానికి ముందు న్యూయార్క్ వెళ్ళాలి.

అక్కడ స్టీఫెన్ క్రోన్ అని ఒకాయన ఉండేవాడు. 1980లలో ఆయన స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఎయిడ్స్‌తో పోయారు. ఆయన సహచరుడు 1982లోనే పోయాడు. వాళ్ళకు వచ్చిన జబ్బు తనకు ఎందుకు రాలేదో ఆయనకు అర్థం కాలేదు. తనంతట తానే వెళ్ళి ఆరన్ డైమండ్ ఎయిడ్స్ పరిశోధన కేంద్రంలో, నా రక్తం పరీక్షించండి అన్నాడు. వాళ్ళు ఆయన తెల్లకణాలను గాజు పాత్రలో పెట్టి హెచ్‌ఐవి పోశారు. అంటలేదు. మళ్ళీ పోశారు. అంటలేదు. చివరికి 1996లో కారణం దొరికింది. సిసిఆర్5 జన్యువులో 32 గుర్తులు లేవు. కార్డులో అన్ని తూట్లు ఎగిరిపోతే డిజైను మధ్యలో తెగిపోయినట్టు, ఆ పిడి తయారవ్వడం లేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపుల నుంచీ ఆ లోపం ఉన్న కార్డే వచ్చింది. ఇలాంటివారు ఉత్తర యూరప్ సంతతిలో సుమారు నూటికి ఒక్కరు. పిడి లేకపోయినా వాళ్ళు ఆరోగ్యంగానే బతుకుతారు. వెస్ట్ నైల్ అనే దోమల జ్వరం లాంటివి వస్తే మాత్రం వాళ్ళకు ఎక్కువ ప్రమాదం. అంటే అది పనికిరాని పిడి కూడా కాదు.

పుట్టుకతో పిడి లేనివారు ఉన్నారని తెలిశాక, ఉన్నవారికి తీసేయవచ్చా అన్న ప్రశ్న వచ్చింది.

బెర్లిన్‌లో టిమోతీ రే బ్రౌన్ అనే అమెరికన్ అనువాదకుడు ఉండేవాడు. 1995లో హెచ్‌ఐవి ఉందని తెలిసింది. 2006లో దానికి తోడు రక్త క్యాన్సర్ వచ్చింది. దానికి మూలుగ మార్పిడి చేయాలి. ఎముకల్లోని మూలుగే రక్తకణాలన్నీ తయారు చేసే కార్ఖానా. రోగి మూలుగను మందులతో చంపేసి, సరిపోయే దాత మూలుగ కణాలు ఎక్కిస్తారు. అక్కడి డాక్టరు గెరో హ్యూటర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ దాతను వెతుకుతున్నాం, ఆ 32 గుర్తులు లేని దాతనే వెతికితే? పరీక్షించుకుంటూ పోతే 61వ దాతలో అది దొరికింది. 2007లో మార్పిడి చేశారు. అదే రోజు హెచ్‌ఐవి మందులు ఆపారు. క్యాన్సర్ తిరగబెడితే 2008లో అదే దాత నుంచి రెండోసారి చేశారు. రెండో మార్పిడి ఆయన్ను దాదాపు చంపినంత పని చేసింది. మతి తప్పింది, చూపు మందగించింది, నడక మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. కానీ హెచ్‌ఐవి మాత్రం తిరిగి రాలేదు. 2020 సెప్టెంబరులో ఆ క్యాన్సర్ తిరగబెట్టే చనిపోయాడు. అప్పటికీ ఆయన ఒంట్లో హెచ్‌ఐవి లేదు.

మా తమ్ముడు విన్నది ఈ కథే. "పోయింది" అన్నమాట నిజం. ఎలా పోయిందో నేను చెప్పలేదు.

ఈ మార్పిడి క్యాన్సర్ రోగికి చేసే చికిత్స. ఇందులో చనిపోయేవారు కూడా ఉంటారు. గోళీతో బతికే మనిషికి ఏ డాక్టరూ ఇది చేయడు, చేయకూడదు. ఆ తర్వాత లండన్‌లో ఒకరు, జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ఒకరు, అమెరికాలో కొందరు ఇలా బయటపడ్డారు. లండన్ రోగి ఫలితాన్ని 2019లో ప్రకటించింది రవీంద్ర గుప్తా అనే భారత సంతతి డాక్టరు. అందరినీ కలిపినా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందరికీ ముందు క్యాన్సరో, మరో ప్రాణాంతక రక్తవ్యాధో ఉంది. ఇంకొక సంగతి. జర్మనీలోనే ఎస్సెన్ అనే ఊళ్ళో ఒక రోగికి ఇదే మార్పిడి చేస్తే హెచ్‌ఐవి తిరిగొచ్చింది. ఎందుకంటే కొన్ని రకాల హెచ్‌ఐవికి సిసిఆర్5 అక్కర్లేదు, సిఎక్స్‌సిఆర్4 అనే వేరే పిడి పట్టుకుని వస్తాయి. ఒక తలుపు మూస్తే దొంగ మానుకుంటాడని లేదు.

దాతల మీద ఆధారపడకుండా రోగి సొంత కణాల్లోనే ఆ పిడిని తీసేయగలిగితే క్యాన్సర్ మందుల బాధ తప్పుతుంది. జన్యు చికిత్స అని ఇవాళ పత్రికల్లో వచ్చేది ముఖ్యంగా ఇదే. రక్తంలోంచి తెల్లకణాలు తీసి, లాబ్‌లో ఆ ఒక్క జన్యువును కత్తిరించి, కణాలను పెంచి తిరిగి ఎక్కించాలి. కత్తెర ఎక్కడ పడాలో అక్కడే పడాలి, 300 కోట్ల గుర్తుల్లో ఇంకెక్కడా పడకూడదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు జింక్ ఫింగర్ అనే కత్తెరతో 12 మందికి ఇలా చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కొక్కరికి సుమారు 1000 కోట్ల కణాలు ఎక్కించారు. అందులో కత్తిరింపు సరిగా పడ్డవి 11 నుంచి 28 శాతం. ఆరుగురు డాక్టర్ల కాపలాలో 12 వారాలు గోళీలు ఆపారు. వైరస్ తిరిగొచ్చింది. కానీ పిడి లేని కణాలు మామూలు కణాలకంటే నెమ్మదిగా తగ్గాయి, అంటే అవి నిలబడ్డాయి. ఒక్కరిలో మాత్రం తిరిగొచ్చిన వైరస్ మళ్ళీ తనంతట తనే పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది. విచారిస్తే ఆయనకు పుట్టుకతోనే ఒకవైపు కార్డు లోపంగా ఉంది. సగం పని ప్రకృతి చేసింది, మిగతా సగం కత్తెర చేసింది.

మన భాషలో చెప్పాలంటే వంద సాంచాలున్న కార్ఖానాలో ఇరవైకి తాళం వేశారు. దొంగ మిగతా ఎనభై మీద నేస్తున్నాడు. చైనాలో పెకింగ్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రకటించిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. హెచ్‌ఐవితో పాటు రక్త క్యాన్సర్ ఉన్న మనిషికి క్రిస్పర్ అనే కొత్త కత్తెరతో కత్తిరించిన దాత మూలకణాలు ఎక్కించారు. క్యాన్సర్ తగ్గింది. కత్తిరించిన కణాలు అతని మూలుగలో 5 నుంచి 8 శాతమే నిలిచాయి. హెచ్‌ఐవి పోలేదు. పద్ధతి తప్పని దీనివల్ల తేలలేదు. శాతం చాలలేదని తేలింది.

రెండో దారి తలుపు మూయడం కాదు, లోపల కాపలా పెట్టడం. దొంగ దూరినా నేయలేకుండా చేసే జన్యువును కణంలో ముందే పెట్టడం. ఈ మాట 1988లోనే డేవిడ్ బాల్టిమోర్ అనే నోబెల్ శాస్త్రవేత్త రాశాడు. అప్పటినుంచి ఎన్నో రకాలు ప్రయత్నించారు. 2009లో ఫలితాలు వచ్చిన ఒక ప్రయోగంలో 74 మంది పాల్గొన్నారు. ప్రమాదం లేదని తేలింది, లాభం స్వల్పం. కాలిఫోర్నియాలో సిటీ ఆఫ్ హోప్ ఆసుపత్రి వారు 2010లో నలుగురు రోగుల్లో మూడు కాపలాలు ఒకేసారి పెట్టారు. ఆ కణాలు రెండేళ్ళ వరకు కనబడ్డాయి గాని చాలా కొద్దిగా.

ఈ కాపలా జన్యువును కణంలోకి మోసుకుపోయేది ఎవరో తెలుసా? హెచ్‌ఐవే! మన కార్డుల్లో కుట్టడం దానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అందుకని దాని విషం తీసేసి, పెరగకుండా చేసి, బండిగా వాడుకుంటున్నారు. 1996లో అమెరికాలో సాల్క్ సంస్థ వారు మొదలుపెట్టిన ఈ బండి మీదే ఇవాళ ఎన్నో జన్యు చికిత్సలు నడుస్తున్నాయి. వెల్లూరు సిఎంసి డాక్టర్లు ఐదుగురు హీమోఫిలియా రోగులకు ఈ బండి మీదే మంచి జన్యువు పంపి, 2024లో ఫలితాలు ప్రచురించారు. లాబ్ మనిషిని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తాన్ని పరీక్షించి, మన దేశంలో హెచ్‌ఐవి ఉందని మొదట కనిపెట్టింది కూడా ఆ వెల్లూరులోనే.

మూడో దారి అన్నిటికంటే ధైర్యమైనది. కుట్టేసిన దొంగ కార్డును కత్తిరించి బయట పారేయడం. అమెరికాలో ఇబిటి-101 అనే మందును 2022లో మొదటి మనిషికి ఎక్కించారు. 2024లో ఫలితం చెప్పారు. ప్రమాదం కనబడలేదు. గోళీలు ఆపిన ముగ్గురిలోనూ వైరస్ తిరిగొచ్చింది, ఒకరిలో మాత్రం 16 వారాలు ఆలస్యంగా. నిద్రపోతున్న కణాలు పేగుల్లో, గ్రంథుల్లో, ఎక్కడెక్కడో ఉంటాయి. కత్తెర అన్నిటి దగ్గరకూ చేరాలి.

తొందరపడితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 1999లో అమెరికాలో వేరే జబ్బుకు జన్యు చికిత్స తీసుకున్న జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు నాలుగు రోజుల్లో చనిపోయాడు. 2002లో పారిస్‌లో చికిత్స పొందిన పసిపిల్లల్లో కొందరికి రక్త క్యాన్సర్ వచ్చింది. కార్డు కుట్టకూడని చోట కుట్టుకుపోయింది. ఆ దెబ్బతో శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి బండ్లను మార్చుకున్నారు. నెమ్మదిగా పోతున్నారని విసుక్కునేవారు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

సరే, రేపు ఇది పూర్తిగా పనిచేసిందనుకుందాం. మన దాకా వస్తుందా? ఈ ప్రశ్న డాక్టర్లకు వదిలేసేది కాదు. సంఘంలో అడగవలసిందే. 2023 చివర అమెరికాలో అనుమతి పొందిన సికిల్ సెల్ జన్యు చికిత్స ఖరీదు ఒక్క మనిషికి 22 లక్షల డాలర్లు. మన డబ్బులో పద్దెనిమిది కోట్ల పైమాటే. ఈ గదిలో ఉన్నవారందరి జీవితకాలం కూలి కలిపినా అంత కాదేమో.

కానీ ధర దేవుడు రాసేది కాదు. హెచ్‌ఐవి గోళీల సంగతే చూడండి. 2000 ప్రాంతంలో మూడు మందులు కలిపి ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో ముంబై కంపెనీ సిప్లా, ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. ఎలా ఇవ్వగలిగింది? మన 1970 పేటెంటు చట్టం తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చింది, మందు మీద ఇవ్వలేదు. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 మందుల కంపెనీలు వేసిన కేసును జనం వీధుల్లోకి వచ్చి నిలదీస్తే ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాయి. మన దగ్గర 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం గోళీలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి ఆరు రాష్ట్రాల్లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. అయితే 2005లో మన పేటెంటు చట్టం మారిపోయింది. కొత్త మందు మీద ఇప్పుడు పేటెంటు ఉంటుంది. కాబట్టి రేపటి పోరాటం నిన్నటికంటే కష్టం.

ఆశ లేకపోలేదు. ఐఐటి ముంబై, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అది క్యాన్సర్‌కు. కానీ పని అదే పని: రోగి తెల్లకణాలు తీయడం, జన్యువు పెట్టడం, తిరిగి ఎక్కించడం. అమెరికాలో అయ్యే ఖర్చులో సుమారు పదో వంతుకే ఇక్కడ చేస్తున్నారు. అయినా లక్షల్లోనే ఉంది, మనకు అందేది కాదు. పది వంతుల్లో తొమ్మిది తగ్గించగలిగినవారు ఇంకా తగ్గించగలరా, ఆ ఖర్చు ఇఎస్ఐ భరిస్తుందా అన్నది మనం ఇప్పటినుంచే అడుగుతూ ఉండాలి.

మళ్ళీ మా తమ్ముడి దగ్గరకు వస్తాను. కోలుకున్నాక అడిగాను, గోళీలు అంత బరువయ్యాయా అని. "గోళీ బరువు గాదన్నా, దాచుడు బరువు" అన్నాడు. కార్ఖానాలో ఖాళీ కండెల డబ్బా అడుగున సీసా దాచేవాడట. సేఠ్‌కు తెలిస్తే పని పోతుందని భయం. ఒక్క సూదితో అంతా పోతుందని వినగానే ఆ దాచుడు పోతుందని సంబరపడ్డాడు.

మిత్రులారా, దీనికి జన్యు చికిత్స అక్కర్లేదు. హెచ్‌ఐవి ఉన్నంత మాత్రాన, పని చేయగలిగిన మనిషిని పనిలోంచి తీయడం చెల్లదని 1997లోనే బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది మనలాంటి ఒక క్యాజువల్ కార్మికుడు. పేరు బయటపడకుండా ఎంఎక్స్ అని మాత్రమే రాశారు. 2017లో పార్లమెంటు చట్టమే చేసింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవి పరీక్ష అడగకూడదు, ఉందని తీసేయకూడదు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ఎవరికైనా ఇబ్బంది వస్తే నేరుగా సంఘానికి రండి. అందరి ముందు చెప్పనక్కర్లేదు.

ప్రశ్నలు అడగండి.

ఒక అక్క (బీడీ కార్మికురాలు): మన పిల్లల్లో ఎవరికన్న ఆ 32 గుర్తులు లేకుంట ఉంటయా? పరీక్ష చేయించొచ్చా?

జవాబు: మన దేశంలో అది బహు అరుదు అక్కా. ఉన్నా సిఎక్స్‌సిఆర్4 పిడి పట్టుకునే హెచ్‌ఐవి ఉండనే ఉంది. ఆ పరీక్షకు డబ్బు పెట్టవద్దు. ఎవరైనా చేస్తామని వస్తే నాకు చెప్పండి.

ఒక యువ కార్మికుడు: కడుపులో పడకముందే బిడ్డకు ఆ జన్యువు తీసేయిస్తే అయిపోతది గదా?

జవాబు: చైనాలో హె జియాంకుయ్ అనే ఆయన అదే చేశాడు. 2018 నవంబరులో కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. ప్రపంచమంతా తిట్టింది. 2019 డిసెంబరులో చైనా కోర్టు మూడేళ్ళ జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. అతను చేసిన కత్తిరింపు ఆ 32 గుర్తుల లోపంలాగా కూడా రాలేదు, ఒక పాపలో ఒకవైపు కార్డే మారింది. ఆ పిల్లల్లో జరిగిన మార్పు వాళ్ళ పిల్లలకు కూడా పోతుంది. ఇంతా చేసి దాని అవసరమే లేదు. అక్కడ హెచ్‌ఐవి ఉన్నది తండ్రికి. బిడ్డకు అంటకుండా చేసే మామూలు పద్ధతులున్నాయి. తల్లికే ఉన్నా, ఆమె గర్భంతో ఉన్నప్పటినుంచి గోళీలు సరిగా వేసుకుని, పుట్టగానే బిడ్డకు మందు పోస్తే నూటికి తొంభై ఎనిమిది మంది, అంతకంటే ఎక్కువ మంది పిల్లలు ఏమీ లేకుండా పుడతారు. ఆ మందు మన ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా ఇస్తారు.

ఒక సభ్యుడు: ఇసుంటి ప్రయోగం మన దగ్గరికి వచ్చి రమ్మంటే పోవాల్నా?

జవాబు: ప్రయోగాలకు మనుషులు రాకపోతే మందులే రావు. ఆ 12 మంది వచ్చారు కాబట్టే మనకు ఇవాళ ఇంత తెలుసు. కానీ వాళ్ళకు ఏం చేస్తున్నారో ముందే చెప్పారు, గోళీలు ఆపినన్నాళ్ళు రక్తం పరీక్షిస్తూనే ఉన్నారు. కాగితం మీకు వచ్చిన భాషలో ఇవ్వాలి. మరాఠీ రాకపోతే తెలుగులో అడగండి. ఎప్పుడైనా మానుకునే హక్కు ఉందా, ఏమైనా అయితే ఖర్చు ఎవరిది అని రాతలో ఉండాలి. మీ దగ్గరే డబ్బు అడిగితే అది ప్రయోగం కాదు, మోసం.

అదే అక్క: మీరు చెప్పిన ఆ తమ్ముడు ఇప్పుడెట్ల ఉన్నడు?

జవాబు: టీబీ మందుల కోర్సు పూర్తయింది. పోయిన పరీక్షలో వైరస్ కనబడలేదు. బరువు ఇంకా నాలుగు కిలోలు రావాలి. గోళీల సీసా ఇప్పుడు ఇంట్లో అలమారలో, చాయ్‌పత్తి డబ్బా పక్కన పెడుతున్నాడట.